ఊడ్వని దుమ్ము

హంస పొట్టకి కన్నాలు పెట్టడానికి దొరబాబు డ్రిల్లు మిషను పట్టుకొచ్చిన రోజున విజయదుర్గ "ఆగండి" అంది. మ్యూజియంలో చేరిన రెండేళ్లలో ఆమె నోటివెంట అంత గట్టిగా వచ్చిన మాట అదొక్కటే. గట్టిగా అంటే అరిచిందని కాదు. ఎప్పుడూ రిజిస్టరులో తలదూర్చి కూర్చునే పిల్ల లేచి నిలబడి ఒక మాట అనేసరికి, ప్లగ్గు పెట్టబోతున్న దొరబాబు చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కొత్తపేటలో కాలవ పక్కన ఒకప్పటి ధాన్యం గిడ్డంగి అది. మూరెడు మందం సున్నపు గోడలు, ఎత్తయిన పెంకుల కప్పు. ధాన్యం వ్యాపారం ఆగిపోయాక ఊరి పెద్దలు కొందరు కమిటీగా ఏర్పడి, చుట్టుపక్కల ఇళ్లలో అటకల మీద పడి ఉన్న పాత సామాన్లు పోగుచేసి మ్యూజియం పెట్టారు. ఏతాం దూలం, పడవ చుక్కాని, కుంచాలు, పందిరి మంచం కోళ్లు, కొబ్బరికోరు పీటలు, దాదాపు అన్నీ కర్రవే. వాటన్నిటికీ నడుమ హంస వాహనం. ఆలమూరు వైపు ఒక గుళ్ళో ఏళ్ల తరబడి దేవుణ్ణి ఊరేగించి, అక్కడ వెండి తొడుగు వాహనం వచ్చాక ఇక్కడికి చేరింది. మనిషి భుజాల ఎత్తు ఉంటుంది. పనసకర్ర. తెల్లరంగు చాలాచోట్ల లేచిపోయి కింద పసుపుపచ్చ కనబడుతుంది. ముక్కు మాత్రం ఇప్పటికీ ఎర్రగా, దగ్గరికొచ్చినవాణ్ణి పొడిచేలా ఉంటుంది. రిజిస్టరులో దాని నంబరు నలభై ఒకటి.

ఆ హంస పొట్ట కింద రోజూ పొద్దున్నే చిటికెడు పొడి కనబడుతోంది. తుడిచే అమ్మాజీ ఆ సంగతి కమిటీ ప్రెసిడెంటు బంగారరాజు గారి చెవిన వేసింది. ఆయన వెంటనే అమలాపురం నుంచి పురుగుమందు కొట్టే దొరబాబుని పిలిపించారు.

"చెదండి. డవుటే లేదండి," అన్నాడు దొరబాబు, టార్చిలైటు హంస పొట్టకేసి కొడుతూ. "పొట్టంతా చిల్లులేనండి. జానెడుకో కన్నం పెట్టి నూనె మందు ఎక్కించేత్తే, ఇంక దీని ముని మనవలు కూడా ఇటేపు రారండి."

"అది చెద కాదనుకుంటానండి," అంది విజయదుర్గ.

"మరేంటమ్మా, విభూదా?" అని నవ్వారు బంగారరాజు గారు. మనిషి చెడ్డవాడు కాదు. పదెకరాల కొబ్బరితోట సొంతంగా చూసుకునే రైతు. కాకపోతే ఏ పనైనా మొదలుపెట్టిన పూటే తేలిపోవాలంటారు.

విజయదుర్గ వంగి ఆ పొడిని వేలికి అద్దుకుంది. "చెదయితే మన్ను తెచ్చుకుంటుందండి. ఇందులో మన్నే లేదు, మైదాపిండిలా ఉంది. కన్నాలు చూడండి, గుండుసూది తలంత, గుండ్రంగా ఉన్నాయి. ఇది పుచ్చండి. పెంకు పురుగు తింటే ఇలా అవుతుంది."

"పుచ్చు వంకాయల్లో కదమ్మా ఉండేది!" అన్నారాయన.

"కర్రలోనూ ఉంటుందండి."

"చూసేరా మేస్టారూ? హైదరాబాదులో వారం రోజులు ట్రైనింగుకి పంపింది మనమే. ఇప్పుడు పాఠం చెప్పించుకునేదీ మనమే." బంగారరాజు గారు పక్కకి తిరిగి అన్నారు.

పక్కనున్నది బాలగంగాధరం గారు. తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు, కమిటీకి కార్యదర్శి. వేదం చదువుకున్న కుటుంబం కావడంతో గుడి సామాన్ల విషయంలో ఆయన మాటే చివరిమాట. ఆయన నవ్వలేదు, కళ్ళజోడు సర్దుకుని ఆ పిండికేసి చూశారు.

"నూనె మందు ఎక్కిస్తే పాత రంగు కరిగిపోతుందండి. పోయిందంటే మళ్ళీ తెచ్చుకోలేం," అంది విజయదుర్గ.

"సరే, కన్నాలొద్దు, మందొద్దు," అన్నారు బంగారరాజు గారు చేతులు దులుపుకుంటూ. "అసలు దీన్నే తీసేద్దాం. మా నాన్నగారి పేరు మీద ఫైబరు హంసని చేయించమని చెప్పేనెలాగూ. అచ్చం ఇలాగే ఉంటాది. చెదా పట్టదు, నీ పుచ్చూ పట్టదు. ఇంకో మూడు వారాల్లో గురువారంనాడు వచ్చేస్తాది. దీన్ని పద్ధతి ప్రకారం గోదాట్లో కలిపేద్దాం. ఏమంటారు మేస్టారూ?"

"జీర్ణమైన వాహనాన్ని నదిలో కలపడం ఉన్నదేనండి," అన్నారు బాలగంగాధరం గారు. ఒక్క క్షణం ఆగి, "జీర్ణమైతే," అన్నారు.

మ్యూజియంలో ఏ వస్తువు గడప దాటాలన్నా ఒక కాగితం ఉంటుంది. వస్తువు పేరు, నంబరు, తొలగించడానికి కారణం, కింద సంరక్షకురాలి సంతకం. ఆ సంతకం లేనిదే ప్రెసిడెంటయినా పీట ముక్క కూడా కదపడానికి వీల్లేదు. ఆ నియమం పెట్టింది బంగారరాజు గారే, ఒకప్పుడు ఇత్తడి గంగాళం ఒకటి మాయమైనప్పుడు. ఆయన ఆ కాగితం తీసి పేరూ నంబరూ తనే రాసి ఆమె బల్ల మీద పెట్టారు.

"కారణం దగ్గర నువ్వే రాయాలి. ఎంత, రెండక్షరాలు. చెద. రాసి సంతకం పెట్టెయ్."

"చూసి రాస్తానండి."

"ఇంకా ఏం చూస్తావు?"

"అది ఇప్పుడు తింటోందో లేదో చూస్తానండి."

దొరబాబు పకపకా నవ్వాడు. "మేడంగారు పురుక్కి అన్నం కేరేజీ లెక్క రాత్తారేమోనండి!"

బంగారరాజు గారు కూడా నవ్వుతూనే వెళ్ళిపోయారు. కాగితం మాత్రం బల్ల మీదే ఉంది. దాని మీద ఆమె ఒక కుంచం బోర్లించింది, గాలికి ఎగరకుండా.

*

విజయదుర్గది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. చదువంతా ఊరిబళ్ళోనే. అక్కడ పాఠం వింటూనే కిటికీ గూట్లోంచి వెళ్ళే చీమల బారుని ఇంటర్వెల్ కొట్టేదాకా చూసేది. ఎక్కడ బయల్దేరాయి, ఏం మోసుకెళ్తున్నాయి, దారిలో వేలు పెడితే ఎటు తిరుగుతాయి. ఆ చూపు పెద్దయ్యాక కూడా పోలేదు. వారం రోజుల ట్రైనింగులో మిగతావాళ్ళు ఫొటోలు తీసుకుంటుంటే ఆమె ఒక్క విషయం బుర్రలో పెట్టుకుని వచ్చింది: పురుగుని పట్టుకోవడం ఎవరివల్లా కాదు, అది వదిలిపెట్టినదాన్ని చూడాలి. వదిలినదాన్ని ఊడ్చేస్తే ఇక చూడ్డానికేమీ ఉండదు.

అందుకని మర్నాడు పొద్దున్నే అమ్మాజీ చీపురు అందుకోగానే చెప్పింది. "అమ్మాజీ గారూ, ఇవాళ్టి నుంచి హంస కింద ఊడ్వొద్దు. దాన్ని గుడ్డతో దులపొద్దు. గోడల వెంబడి కూడా ఊడ్వొద్దు."

అమ్మాజీ చీపురు జారవిడిచింది. యాభై దాటిన మనిషి, గిడ్డంగిగా ఉన్న రోజుల నుంచీ అక్కడే పనిచేస్తోంది.

"ఊడవొద్దా? అదేం మాట పాపగారూ! దేవుడు కూకున్న వాహనం ముందు కసువుంచుతారా ఎవరైనా? నన్నేమనుకుంటారు? అమ్మాజీకి ఒళ్ళు బరువెక్కిందంటారు."

"నేను ఉంచమన్నానని చెప్పండి."

"మీరు చెప్పినా లోకం నా మొహవే చూత్తాదండి."

విజయదుర్గ నల్ల చార్టు పేపరు హంస కింద పరిచి, నాలుగు మూలలా గులకరాళ్లు పెట్టింది. ఒక మూల తెల్ల సుద్దతో తేదీ రాసింది. ఆ తర్వాత భూతద్దం, టార్చి తీసుకుని పొట్ట కింద వెల్లకిలా పడుకుంది. అమ్మాజీ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. మధ్యాహ్నానికి స్కూలు పిల్లలు వచ్చి, దేవుడి వాహనం కింద పడుకున్న అక్కని చూడ్డానికే వచ్చామన్నట్టు చుట్టూ మూగారు.

కన్నాలన్నీ పొట్ట అంచున ఒక్క పట్టీలోనే ఉన్నాయి. అది పనసకర్రలో పైనుండే తెల్లచెక్క. లోపలి పసుపుపచ్చ చేవలో ఒక్క కన్నం లేదు. అది సరే. కానీ భూతద్దంలో ఇంకోటి కనబడింది. కన్నాల అంచులు దాటి లోపలికి తెల్లరంగు దిగి గట్టిపడి ఉంది. రంగులో ఎవరైనా కన్నం చేస్తే అంచు పగిలి కర్ర బయటపడాలి. ఇక్కడ రంగే కన్నంలోకి వెళ్ళింది. అంటే రంగు వేసేనాటికే ఆ కన్నాలున్నాయి. పురుగు తిని, రెక్కలొచ్చి వెళ్ళిపోయిన ఇంటికి ఆ తర్వాత ఎవరో వెల్ల వేసినట్టు.

హంస నిలబడ్డ పీట కింద ఏదో గంటంతో గీసిన రాత కూడా ఉంది. మసి పట్టి అక్షరాలు కలిసిపోయాయి. "...ద నామ సంవత్సరం" అన్నంతవరకే చదవగలిగింది.

మొదటి రోజు చార్టు మీద ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజూ లేదు. నాలుగో రోజు పొద్దున్న చిటికెడు పిండి! ఆమె చాలాసేపు ఆ పిండినే చూసి, తలెత్తి అమ్మాజీకేసి చూసింది.

అమ్మాజీ నేలచూపులు చూసింది. "ముక్కు మీద బూజుందండి. పేణం ఒప్పక, ఒక్కసారే గుడ్డెట్టి కొట్టేనండి. నేలూడవలేదు, ఒట్టు."

విజయదుర్గకి కోపం రాలేదు. నవ్వొచ్చింది. రోజూ ఆ గుడ్డ దెబ్బకే, ఎప్పటిదో పాత పిండి కన్నాల్లోంచి రాలుతోంది. అమ్మాజీ దులిపి రాల్చిందే అమ్మాజీ ఊడుస్తోంది, ఆ ఊడ్చిందాన్నే ప్రెసిడెంటు గారికి చెప్పింది. నోట్‌బుక్కులో రాసుకుంది: నాలుగో రోజు, గుడ్డ.

ఆ తర్వాత పది రోజులూ చార్టు నల్లగానే ఉంది.

నేల మాత్రం చూడ్డానికి ఘోరంగా తయారైంది. గోడల వెంబడి మట్టి, తొలకరి వానకి వచ్చి రాలిన ఉసిళ్ళ రెక్కలు, బల్లి పెంటికలు, పిల్లలు పారేసిన చాక్లెట్ కాగితాలు. పదిహేనో రోజున బంగారరాజు గారు ఎవరో చుట్టాలని వెంటబెట్టుకుని వచ్చారు. గడపలోనే ఆగిపోయారు.

"ఇది మ్యూజియమా, కళ్ళమా?"

విజయదుర్గ లేచి నిలబడింది.

"నిన్నే అడుగుతున్నా దుర్గా. మా బావగారు మొదటిసారి వచ్చేరు. ఇంత కసువులో నడిపించమంటావా? అమ్మాజీ! చీపురేదీ?"

అమ్మాజీ చీపురు తీసుకుని రెండడుగులు వేసింది. విజయదుర్గ వెళ్ళి ఆ చీపురు రెండో కొస పట్టుకుంది. లాక్కోలేదు, తొయ్యలేదు. ఊరికే పట్టుకుని నిలబడింది.

"గురువారం దాకా ఊడ్వనివ్వనండి," అంది.

"ఊడవనివ్వవా? నీ కాంట్రాక్టు వచ్చేనెల మళ్ళీ రాయాలి, గుర్తుందా?"

"ఉందండి. అది రాసేది మీరండి. హంస కాగితం మీద రాసేది నేనండి."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆ బావగారు హంస ముక్కుకేసి తెగ ఆసక్తిగా చూడ్డం మొదలుపెట్టారు. బంగారరాజు గారి మొహం ఎర్రబడింది. "గురువారం రానీ," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ ఆమె కిటికీలోంచి ఒక్క చెట్టునైనా చూడలేదు. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో అనుకుంటూ కూర్చుంది. హంస పోతే మాత్రం చెప్పుకోవడానికి ఎవరూ లేరు. గోదాట్లో కలిపిన కర్ర తేలుతుంది, కాస్సేపు ఈదుతున్నట్టే ఉంటుంది. తర్వాత తిరిగిరాదు. చెయ్యని తప్పుకి, తన సంతకంతో.

*

మంగళవారం పొద్దున్న అమ్మాజీ ఏదో దాస్తున్నదానిలా దగ్గరికొచ్చింది.

"పాపగారూ, మీరు గోడలెంబడి ఊడవద్దన్నాక ఇంకో మంచి పనయ్యిందండి. పెద్ద బీరువా ఎనకాల కుమ్మరి పురుగు గూడెట్టిందండి. మా కోడలికి మూడో నెలండి. పని చేసే చోట కుమ్మరి పురుగు గూడెడితే పండంటి పిల్లోడు పుడతాడంటారు. మీరు అది మాత్రం తియ్యకండేం?"

"ఎప్పట్నుంచి ఉంది?"

"ఇదివరకూ ఓ గీతలాగా వచ్చేదండి, మట్టి మరక అనుకుని రోజూ చీపురెట్టి గీకేసేదాన్ని. ఇప్పుడు ఊడవట్లేదుగా, చక్కగా పెరిగిందండి."

విజయదుర్గ గబగబా నడిచింది.

పెద్ద బీరువా అంటే వెనక గోడకి ఆనించి పెట్టిన అద్దాల బీరువా. బంగారరాజు గారు వాళ్ళ నాన్నగారి జ్ఞాపకార్థం కిందటేడాది ఇచ్చింది. లోపల ఆ పెద్దాయన చేతికర్ర, రాతబల్ల, పటం. తాళంచెవి బంగారరాజు గారి దగ్గరే ఉంటుంది. బీరువాకీ గోడకీ మధ్య బెత్తెడు సందు. అందులోకి టార్చి వేసి చూసింది.

కుమ్మరి పురుగు గూడు ఆమెకి తెలుసు. చిన్న చిన్న కుండలు పక్కపక్కన అతికించినట్టు గుండ్రంగా, ముద్దగా ఉంటుంది. ఒకచోట కట్టి వదిలేస్తుంది. ఇది ముద్ద కాదు. నేలా గోడా కలిసేచోట పగుల్లోంచి బయల్దేరి, పెన్సిలంత లావున, చేతి మీది నరంలా వంకర తిరుగుతూ గోడ ఎక్కి, అక్కణ్ణుంచి బీరువా వెనక చెక్కలోకి దూరింది. ఎక్కడినుంచో ఎక్కడికో పోయే దారి అది.

చీపురు పుల్ల ఒకటి విరిచి సందులోకి పోనిచ్చి, ఆ మన్నుగీతని మధ్యలో అంగుళం మేర చిదిపింది. లోపల డొల్ల. తెల్లగా, మెత్తగా, అటుకు బద్దల్లాంటి పురుగులు కంగారుగా అటూ ఇటూ పరిగెత్తాయి.

అమ్మాజీ తొంగి చూసి రెండు చేతులతో బుగ్గలు నొక్కుకుంది. "ఓరినాయనో! చెద!"

"అవును. ఇదీ చెద."

అప్పుడు గుర్తొచ్చాయి ఉసిళ్ళ రెక్కలు. హాలంతా ఊడ్వకుండా వదిలితే అవి అంతటా పడలేదు, ఈ మూలే కుప్పగా పడ్డాయి. తొలకరికి దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళని ఊళ్ళో ఎవరూ చెద అనరు, వాన పురుగులంటారు. కానీ చెదకి రెక్కలొస్తేనే ఉసిళ్ళు. వాన పడ్డ రోజు కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అవి బయట్నుంచి లోపలికి రాలేదు. లోపల్నుంచే లేచాయి.

"మా కోడలికేవీ అవదు గదండీ?" అంది అమ్మాజీ గొంతు తగ్గించి.

"కోడలికేం కాదు. పురుగుకేం తెలుసు మీ కోడలి సంగతి?"

బంగారరాజు గారికి ఫోను చేసింది. బీరువాకి చెద పట్టిందండి, తాళంచెవి పంపండి, లోపలి వస్తువులు తీసెయ్యాలి అంది. "హంస దగ్గర లేదన్న చెద నా బీరువాకి వచ్చిందా? బాగుంది వరస," అని ఫోను పెట్టేశారు. సాయంత్రం మళ్ళీ చేసింది. "గురువారం వస్తున్నాను గదా" అన్నారు. బుధవారం మూడోసారి చేస్తే ఎత్తలేదు.

బుధవారం పొద్దున్న చిదిపిన చోట చూసింది. తడి మన్నుతో అతుకు వేసి ఉంది, ఇంకా ఆరలేదు. కింద పని నడుస్తోందన్నమాట.

*

గురువారం పదింటికి అందరూ వచ్చారు. బంగారరాజు గారు, బాలగంగాధరం గారు, పసుపు కుంకాలు, హంసని మోయడానికి నలుగురు మనుషులు. దొరబాబు కూడా వచ్చాడు, తమాషా చూడ్డానికి. వీధిలో ఆటో ట్రాలీ మీద గోనెలు చుట్టిన ఫైబరు హంస. ముక్కు ఒక్కటి బయటికొచ్చి గాలిలో ఊగుతోంది.

"కాగితం తే," అన్నారు బంగారరాజు గారు.

విజయదుర్గ కాగితం తేలేదు, నోట్‌బుక్కు తెచ్చింది. నల్ల చార్టు చూపించింది. నాలుగో రోజు గుడ్డ దెబ్బకి పడిన చిటికెడు తప్ప ఇరవై రోజుల్లో ఏమీ రాలలేదని చెప్పింది. "మేస్టారూ, మీరొక్కసారి కిందకి వంగి ఈ రాత చదివిపెడతారా?"

బాలగంగాధరం గారు ఉత్తరీయం బిగించి, మోకాళ్ల మీద కూర్చుని, హంస పీట కిందకి తల పెట్టారు. ఎంతకీ లేవరు. నలుగురు మోతగాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆనంద నామ సంవత్సరం, మాఘ మాసంలో రంగులు వేయించినది," అని చదివారు లోపల్నుంచే. తర్వాత మెల్లగా, తనలో తను లెక్క కట్టుకున్నట్టు, "ఆనంద... అంటే యాభై ఏళ్ళయింది."

"ఆ రంగు కన్నాల్లోకి దిగి ఉందండి. భూతద్దం ఇదిగోండి. కన్నాలు రంగు కంటే ముందువి. అంటే ఆ పురుగు యాభై ఏళ్ళ కిందటే తిని వెళ్ళిపోయింది. తిన్నది కూడా పైన తెల్లచెక్కే. చేవ అలాగే ఉంది."

బాలగంగాధరం గారు లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకోబోయి, ఎందుకో ఆగి, దులుపుకోకుండా ఊరుకున్నారు. వేళ్ల కణుపులతో హంస వీపు మీద తట్టారు. టకటకమని గట్టిగా మోగింది.

"ఇది జీర్ణం కాలేదండి రాజుగారూ. జీర్ణం కానిదాన్ని నీళ్లలో కలపకూడదు. నేను కలపను."

"చెద పట్టిన కర్రండి అది!" అన్నారు బంగారరాజు గారు.

"చెద అక్కడుందండి," అంది విజయదుర్గ. "తాళంచెవి ఇప్పించండి."

ఆమె చెయ్యి చాపింది. చాపిన చెయ్యి దించలేదు. చివరికి ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టకుండా, తనే వెళ్ళి బీరువా తెరిచారు. వాళ్ళ నాన్నగారి చేతికర్ర వెనక చెక్కకి ఆనించి ఉంది. దాన్ని అందుకున్నారు. బరువుండాల్సిన కర్ర కాగితం గొట్టంలా తేలిగ్గా లేచొచ్చింది. పిడికిట్లో పై పొర నలిగి, లోపల్నుంచి మన్ను జలజలా రాలింది.

ఆయన పిడికిలి విప్పి ఆ మన్నుకేసి చూశారు.

"ఎలా వచ్చింది?" అన్నారాయన. గొంతులో ప్రెసిడెంటు లేడు.

"పెరట్లో మూడు కొబ్బరిచెట్లు ఉండేవి కదండీ. కిందటేడాది కార్లు పెట్టుకోవడానికి కొట్టించేరు. మొద్దులు తవ్వించకుండా మెరక పోయించి పైన టైల్సు వేయించేరు. ఈ గోడకి ఒక మొద్దు రెండడుగుల దూరంలో ఉందండి." ఆమె ఆయనకేసి తిరిగింది. "మీ తోటలో అయితే మొద్దు అలా భూమిలో వదిలేస్తారాండీ?"

ఆ ప్రశ్నకి జవాబు అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. మోతగాళ్లలో ఒకాయన అలవాటు కొద్దీ "ఎందుకొదుల్తారండి, చెద పట్టి తోటంతా పాకదాండి" అనేసి, నాలిక్కరుచుకున్నాడు.

బంగారరాజు గారు ఆ మన్ను పిడికిలితోనే పెరట్లోకి నడిచారు. హంసని మోయడానికి వచ్చిన నలుగురూ గునపాలు పట్టారు. రెండు టైల్సు లేపి మూరెడు లోతు తవ్వేసరికి మొద్దు బయటపడింది. గునపం దిగగానే మెత్తగా విరిగి, లోపల అటుకుల బస్తా విప్పినట్టు తెల్లగా కదిలింది.

"నా మందు పనికొచ్చిందండోయ్!" అన్నాడు దొరబాబు, అందరికంటే ముందు తేరుకుని. "ఆయ్, మేడంగారూ, ఎక్కడ కొట్టమంటారో మీరే చెప్పండి. ఈసారి మీరు ఆగమంటే ఆగుతానండి."

"మొద్దులు మూడూ పూర్తిగా తీసేశాక మట్టిలో కొట్టండి, గోడ వెంబడి. లోపల వస్తువుల మీద చుక్క కూడా పడకూడదు. బీరువాని బయటికి తెండి. ఇక మీదట ఏదీ గోడకి ఆనించి పెట్టొద్దు, నేలకి తగలకుండా రాతి దిమ్మెల మీద పెట్టాలి. వెనకాల మనిషి పట్టేంత సందుండాలి."

రెండేళ్లలో ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకి బంగారరాజు గారు ఆమె బల్ల దగ్గరికొచ్చారు. చేతులు కడుక్కున్నారు కానీ గోళ్లలో మన్ను ఇంకా ఉంది. కుంచం పక్కకి జరిపి కాగితం ఆమె ముందుకి తోశారు.

"బీరువా సంగతి బీరువాది. హంస సంగతి హంసది. కొత్తది గుమ్మంలో ఉంది. నలుగురికీ చెప్పుకున్నాను. మా నాన్నగారి పేరు చెక్కించేను. గోదాట్లో కలపొద్దు, సరే, మా కొట్టాంలో పెట్టుకుంటాను. కారణం నీకిష్టమొచ్చింది రాయి. రెండక్షరాలేగా."

గట్టిగా అడగలేదు. అదే ఆమెకి కష్టమైంది. అరిచే మనిషికి ఎదురు నిలబడడం చీపురు రోజున నేర్చుకుంది. బతిమాలే మనిషి ముందు ఎలా నిలబడాలో ఎవరూ నేర్పలేదు. ఆ చేతికర్ర మన్ను ఆయన గోళ్లలో కనబడుతూనే ఉంది.

పెన్ను తీసుకుంది. 'తొలగించడానికి కారణం' అని అచ్చేసిన చోట, గుండ్రంగా, ఊరిబళ్ళో నేర్చిన దస్తూరితో, రెండక్షరాలు రాసింది. కింద సంతకం పెట్టింది. తేదీ వేసింది.

బంగారరాజు గారు కాగితం తిప్పి చదువుకున్నారు.

లేదు.

ఆమె తల దించలేదు. బాలగంగాధరం గారు వచ్చి ఆయన భుజం మీదుగా చూసి, "రెండక్షరాలే గదండి మరి," అన్నారు. ఆయన నవ్వారో లేదో కళ్ళజోడు వెనక తెలియలేదు.

వీధిలోంచి ఆటోవాడు కేకేశాడు. "బాబుగారూ, హంసని దింపమంటారా, తిప్పమంటారా?"

"దింపి లోపలికి తెండి!" అన్నారు బంగారరాజు గారు, పాత గొంతుతో.

"రిజిస్టరులో దానికి నంబరు లేదండి," అంది విజయదుర్గ. "నంబరు లేనిది గడప దాటి లోపలికి రాదు. అదీ మీరు పెట్టిన నియమమేనండి."

ఆయన చేత్తో వరండాకేసి చూపించారు. ఫైబరు హంస ఇప్పటికీ ఆ వరండాలోనే ఉంది. బడి పిల్లలు దానిమీదెక్కి ఫొటోలు తీసుకుంటారు, దానికేం నష్టం లేదు. విజయదుర్గ కాంట్రాక్టు కాగితం మాత్రం ఇంకా ప్రెసిడెంటు గారి ఇంట్లోనే ఉంది. ఆమె అడగలేదు, ఆయన ఇవ్వలేదు. ఆమె రోజూ తొమ్మిదింటికి వచ్చి తాళం తీస్తూనే ఉంది.

ఆ మర్నాడు, శుక్రవారం పొద్దున్న అమ్మాజీ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఇంకిప్పుడు ఊడవొచ్చాండి?"

"ఊడ్వండి. గోడ మీద మన్ను గీత కనబడితే మాత్రం గీకకుండా నన్ను పిలవండి. హంసని మెత్తటి కుంచెతో నేను తుడుస్తాను."

అమ్మాజీ మూడు వారాల కసి తీరా హాలంతా ఊడ్చి, హంస దగ్గరికొచ్చి ఆగింది. కింద నల్ల చార్టు అలాగే పరిచి ఉంది.

"ఇదో?"

"అది ఉంచండి," అంది విజయదుర్గ. వంగి పాత తేదీ చెరిపి, సుద్దతో ఆనాటి తేదీ రాసింది.